గాజు ముక్కల్లో మా బాల్కనీ

నా చిన్నప్పుడు మేమున్న అపార్ట్‌మెంట్లలో ఏ బిల్డింగు చూసినా మా బిల్డింగులాగే ఉండేది. అవే ఎర్ర ఇటుకలు, అవే తెల్ల కిటికీలు, అవే మూడంతస్తులు. మెట్ల పక్కన గోడకి కొట్టిన ఒక ఇంగ్లీషు అక్షరం తప్ప తేడా తెలిసే గుర్తు ఇంకేదీ లేదు. కొత్తలో మా నాన్నే ఒకసారి పక్క బిల్డింగులోకి వెళ్ళి, ఎవరి తలుపుకో మా తాళంచెవి పెట్టి తిప్పి, లోపల్నుంచి తలుపు తీసిన పెద్దమనిషికి సారీ చెప్పుకుని వచ్చాడు. అది తలుచుకుని అమ్మ చాలా రోజులు నవ్వింది. అదే పొరపాటు ఇంగ్లీషు ముక్క రాని మా నాయనమ్మకి జరిగితే ఏమవుతుందో అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

ఇది వర్జీనియాలో, ఇప్పుడు నేనుంటున్న ఆష్‌బర్న్‌కి కారులో ముప్పావు గంట దూరంలో జరిగింది. ఇప్పుడైతే ఆష్‌బర్న్‌లో కూరగాయలకని బయటికి వెళితే నలుగురు తెలుగువాళ్ళు పలకరిస్తారు. అప్పట్లో ఇంటి బయట తెలుగు మాట వినాలంటే శనివారం దాకా ఆగి, గంటసేపు ప్రయాణం చేసి ఎవరింటికైనా వెళ్ళాలి. నాన్న ఇంజనీరు. అమ్మ నర్సు. ఎన్నాళ్ళో చదివి, పరీక్షలు రాసి అమ్మ సంపాదించుకున్న ఉద్యోగానికి మధ్యాహ్నం డ్యూటీ పడింది. స్కూలు నుంచి వచ్చే తొమ్మిదేళ్ళ పిల్లకి తలుపు తీసే మనిషి కావాల్సి వచ్చింది. తాతయ్య పోయి అప్పటికి ఏడాది దాటింది. నాన్న వెళ్ళి నాయనమ్మని వెంటబెట్టుకొచ్చాడు.

మా నాయనమ్మ నోరు ఊళ్ళో పేరుపడ్డ నోరు. ఆవిడ ఇంటి అరుగు మీంచి పిలిస్తే కాలవ అవతల పొలంలో ఉన్న మనిషి పలికేవాడట. అలాంటి మనిషి మా ఇంటికొచ్చి, కింద ఎవరో కాపురముంటున్నారని తెలిశాక, గుసగుసలాడినట్టు మాట్లాడడం మొదలుపెట్టింది. అడుగు కూడా మెల్లగా వేసేది. మొదట్లో ఫ్రిజ్ గురించి, బట్టలారబెట్టే మిషను గురించి, ఆకాశంలో తోకలు వదులుతూ పోయే విమానాల గురించి ఏదో ఒకటి అడుగుతుండేది. తర్వాత అడగడం మానేసింది. తినడం తగ్గింది. బాల్కనీలో నీలం ప్లాస్టిక్ బకెట్టులో తులసి మొక్క వేసుకుని, దాని పక్కన కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న మేపుల్ చెట్టుని చూస్తూ పొద్దు గడిపేది. మూడున్నర దాటాక మలుపులో పసుపుపచ్చ స్కూలు బస్సు కనిపిస్తే మాత్రం లేచి నిలబడేది. నేను రెండో అంతస్తు ఎక్కేసరికి తలుపు తీసి ఉండేది. పెరుగన్నం ముద్దలు కలిపి పెట్టి ఉండేవి.

ఒక ఆదివారం ఆవిడ నాన్నతో, "నన్ను పంపించెయ్యరా. ఇక్కడ నాకు నోరు మూగబోతోంది," అంది. నాయనమ్మ వెళ్ళిపోతే అమ్మ ఉద్యోగం మానాలి. అది అమ్మకి తెలుసు, నాన్నకి తెలుసు, నాకూ తెలుసు. డిసెంబరులో సెలవు పెట్టి తీసుకెళతానని నాన్న చివరికి ఒప్పుకున్నాడు.

ఇదంతా జరిగిన పది పదిహేను రోజులకి, ఆకులు రాలే కాలం చివర్లో, మా స్కూలు బస్సు దారిలో ఆగిపోయింది. ఇంజను లోంచి పొగ వచ్చింది. ఇంకో బస్సు వచ్చేదాకా మమ్మల్ని అందులోనే కూర్చోబెట్టారు. పిల్లలందరికీ అది పండగలా ఉంది. నాకు మాత్రం బాల్కనీలో నిలబడి ఉండే నాయనమ్మే కళ్ళ ముందు మెదిలింది. బస్సు దిగి మలుపు తిరిగి పైకి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది.

తలుపు వేసి ఉంది. కొట్టాను, పిలిచాను. నా మెడలో తాడుకి ఒక తాళంచెవి ఎప్పుడూ ఉండేది. దాంతో తీసుకుని లోపలికి వెళ్ళాను. వంటింట్లో ముద్దలు కలిపిన గిన్నె మీద మూత పెట్టి ఉంది. ఆవిడ శాలువా కుర్చీ మీద ఉంది. చెప్పులు తలుపు పక్కనే ఉన్నాయి. బాత్రూంలో చూశాను, పడగ్గదుల్లో చూశాను, పిల్లబుద్ధి కదా, మంచం కిందా, బట్టల బీరువాలో కూడా చూశాను. మెట్ల మీద నిలబడి కిందికీ పైకీ పిలిచాను. పలికిన వాళ్ళు లేరు.

నాన్న ఆఫీసుకి ఫోన్ చేశాను. నేను చెప్పింది విని నాన్న చాలా నెమ్మదిగా, "నేను పోలీసులకి చెప్పి బయల్దేరుతున్నాను. నువ్వు ఇల్లు కదలకు. బాల్కనీలో నిలబడి చూస్తూ ఉండు. నాయనమ్మ కనిపిస్తే గట్టిగా కేకెయ్యి," అన్నాడు. నాన్న అంత నెమ్మదిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

బాల్కనీలో నిలబడ్డాను. చలిగాలి మొదలైంది. మా బిల్డింగుల వెనక ఒక వాగు ఉంది, దాని అవతల కార్లు ఆగకుండా పోయే పెద్ద రోడ్డు ఉంది. చెప్పుల్లేకుండా, శాలువా లేకుండా ఆవిడ ఎటు పోయిందో. ఎవరైనా ఆపి అడిగితే ఏం చెబుతుంది? మా ఫోన్ నంబరు తెలియదు. మేమున్న ఊరి పేరు పలకడం రాదు. ఆవిడకి తెలిసింది నాన్న పేరు, కృష్ణా జిల్లాలో మా ఊరి పేరు. ఆ రెండూ చెబితే ఇక్కడ ఎవరు తీసుకొచ్చి దింపుతారు? తులసి మొక్క దగ్గర కూర్చుని ఏడుద్దామనుకున్నాను కానీ, కూర్చుంటే రోడ్డు కనపడదని నిలబడే ఉన్నాను.

వెలుతురు తగ్గుతుండగా కింద ఒక ముసలావిడ కనిపించింది. పొట్టి మనిషి. నల్ల పైజామా, మగవాళ్ళ చలికోటు. రెండు చేతులతో ఒక పెద్ద బేకింగ్ ట్రే పట్టుకుని, హారతి పళ్ళెం పట్టుకున్నంత జాగ్రత్తగా, అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తోంది. ప్రతి బాల్కనీ కింద ఆగి తలెత్తి పైకి చూస్తోంది. తర్వాత ట్రేలోకి చూసుకుని ముందుకి కదులుతోంది. మా మేపుల్ చెట్టు కిందికి వచ్చి ఆగింది. ఎర్రబడ్డ ఆకుల్ని చూసింది. తులసి ఉన్న బకెట్టుని చూసింది. నన్ను చూసింది. చూసి, ట్రేని నాకు కనిపించేలా కొంచెం ముందుకి చాపి, ఒక్కో అక్షరాన్నీ పాటలా సాగదీస్తూ, "అమ్మడు? అమ్మడు?" అంది.

అమ్మడూ అని నన్ను ఈ దేశంలో పిలిచే మనిషి ఒక్కరే.

పైనుంచి ట్రేలోకి చూశాను. అందులో తడి ఇసుక పరిచి ఉంది. ఇసుకలో రంగురంగుల గాజు ముక్కలు గుచ్చి ఉన్నాయి. గోధుమరంగు సీసా పెంకులతో గోడ. తెల్ల ముక్కలతో బాల్కనీ చువ్వలు. చువ్వల వెనక ఒక నీలం ముక్క, దాని మీద సన్నటి ఆకుపచ్చ ముక్కలు. పక్కన ఎర్రటి చెట్టు. చువ్వల ముందు ఒక చిన్న బొమ్మ ఉంది. దానికి అటూ ఇటూ రెండు నల్ల ముక్కలు వేలాడుతున్నాయి. నాయనమ్మ రోజూ పొద్దున్నే నాకు వేసే రెండు జడలు. ఆ బొమ్మ నేనే.

నాన్న కదలొద్దన్న మాట నిజమే. కానీ మెట్లు ఎలా దిగానో నాకు గుర్తు లేదు. ఆవిడ దగ్గరికెళ్ళి "నాయనమ్మ ఎక్కడ?" అని తెలుగులోనే అడిగాను. ఆవిడ తనకి వచ్చిన కాసిని ఇంగ్లీషు మాటలూ ఒకచోట చేర్చి, "గ్రాండ్‌మా. మై హౌస్. ఓకే, ఓకే," అంది. ట్రేని గడ్డి మీద దింపి, నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది.

కార్లు పెట్టే స్థలం దాటి, మూడో బిల్డింగులో కింది అంతస్తు. వెనక సిమెంటు చేసిన చిన్న చోటు, దాని మీద రేకు. అక్కడ కాఫీ డబ్బాల నిండా గాజు ముక్కలు, రంగు రంగుకీ ఒక డబ్బా. గోడకి ఆనించిన పలకల మీద కొంగలు, వెదురు పొదలు, చేపలు, తామరలు, అన్నీ గాజు పెంకులతో పేర్చినవే. వాటి మధ్య పీట మీద, ఎవరిదో మందపాటి స్వెట్టరు వేసుకుని, ఒక కాలికి తెల్లగుడ్డ కట్టుతో మా నాయనమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక డబ్బా పెట్టుకుని పచ్చ ముక్కల్ని ఏరుతోంది. నన్ను చూసి మొట్టమొదట అడిగిన మాట ఇదీ:

"ఏమే అమ్మడూ, బస్సు ఎందుకింత ఆలస్యం? ముద్దలు తిన్నావా?"

నేను ఆవిడ ఒళ్ళో పడి ఏడ్చాను. డబ్బా దొర్లి పచ్చ ముక్కలన్నీ చెల్లాచెదురయ్యాయి. ఆ ముసలావిడ అరవలేదు సరికదా, గాజు గుచ్చుకుంటుందని మా చుట్టూ చీపురుతో ఊడ్చి, లోపలికెళ్ళి నాకొక నారింజపండు వొలిచి తెచ్చింది. నాయనమ్మ నా వీపు నిమురుతూ నవ్వుతోంది. చాలా నెలల తర్వాత ఆవిడ నవ్వు గట్టిగా విన్నాను.

నాన్న కారు లోపలికి రావడం చూసి పరుగెత్తాను. కారు ఇంకా సరిగ్గా ఆపకముందే కిటికీ దగ్గర, "దొరికింది నాన్నా, దొరికింది," అని అరిచాను. నాన్న కారు దిగి, రోడ్డు అంచున సిమెంటు గట్టు మీద కూర్చుండిపోయాడు. టై వదులు చేసుకుని, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. వెనకే వచ్చిన పోలీసతను కూడా సంగతి తెలిసి, టోపీ తీసి నాన్న పక్కన కాసేపు కూర్చున్నాడు. తర్వాత నాన్న ఆ ముసలావిడ దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు. ఆవిడ కూడా చేతులు జోడించి తల వంచింది. అచ్చం మనలాగే.

ఆ సాయంత్రం అమ్మ కూడా డ్యూటీ మధ్యలో వచ్చేసింది. నాయనమ్మ కాలి కట్టు విప్పి చూసి, ఇంతకన్నా బాగా తను కూడా కట్టలేనంది. అన్నాల దగ్గర నాయనమ్మ జరిగిందంతా చెప్పింది. గుసగుసగా కాదు, తన పాత గొంతుతో.

బస్సు రాలేదని మెట్ల మీంచి చూద్దామని చెప్పుల్లేకుండా ఒక్క అడుగు బయటపెట్టిందట. "వెనకాల తలుపు టప్పున మూసుకుని తాళం పడిపోయిందిరా. ఎంత నెట్టినా రాదే!" కిందికి దిగి మలుపు దాకా నడిచింది. వెనక్కి తిరిగి చూస్తే అన్నీ మన ఇళ్ళే. ఒక బిల్డింగు బాల్కనీల వంక చూసింది, తులసి లేదు. ఇంకోటి చూసింది, లేదు. కాలికి ఏదో గుచ్చుకుంది. చెత్త డబ్బాల పక్కన గట్టు మీద కూర్చుంది. ఒకరిద్దరు ఆగి ఏదో అడిగారు. "వాళ్ళని అనడానికేం లేదు. ఏం చెప్పాలో తెలీక నేనే మొహం తిప్పుకున్నాను," అంది. అప్పుడు ఈ ముసలావిడ చెత్త పడేయడానికి వచ్చింది. ఏమీ అడక్కుండా ముందు కాలు చూసింది. రెక్క పట్టుకుని లేవదీసి ఇంటికి తీసుకెళ్ళింది. వేడినీళ్ళతో కాలు కడిగింది. పాలూ పంచదారా లేని టీ ఇచ్చింది.

"ఆవిడ భాషలో ఆవిడ అడిగింది, నా భాషలో నేను చెప్పాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!" అని నాయనమ్మ నవ్వింది.

అప్పుడా ముసలావిడ ట్రేలో తడి ఇసుక పరిచి తెచ్చిందట. పలక మీద అతికించే ముందు బొమ్మని ఇసుకలో పేర్చి చూసుకోవడం ఆవిడ అలవాటని మాకు తర్వాత తెలిసింది. నాయనమ్మ చూస్తుండగా ఆవిడ ఒక నది పేర్చింది. నది మీద పడవ. ఒడ్డున ఒక ఇల్లు, రెండు పోక చెట్లు. ఇంటి ముందు మనుషులు, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని ఆ ఇంటిని చూపించింది. తర్వాత ఆ మనుషుల్లోంచి కొన్ని ముక్కల్ని ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుంది. కాసేపు వాటిని చూసి, ఒక చిన్న గిన్నెలో వేసి పక్కన పెట్టింది. ఇసుక సాపు చేసి, ట్రేని నాయనమ్మ ముందుకి జరిపి, ఆమె వైపు చూపించింది. ఆపైన ఎదురుగా కూర్చుని చూడకుండా, లేచి వెళ్ళి వెనక్కి తిరిగి కప్పులు కడుక్కుంటూ ఉండిపోయింది.

నాయనమ్మ మన ఇల్లు పేర్చింది. అంటే కృష్ణా జిల్లాలోది. పెంకుటిల్లు, కొబ్బరిచెట్టు, కాలవ, కాలవలో గేదె. తాతయ్యకని ఒక ముక్క పెట్టి, పెట్టాక కాసేపాగి తీసేసింది. తీసి ఏం చేయాలో తెలియక చేతిలోనే పట్టుకుంటే, ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, తన గిన్నెలోనే వేయమని ముందుకి చాపిందట. ఇక్కడ ఆగి నాయనమ్మ మంచినీళ్ళు తాగింది. నాన్న కంచంలోకి చూస్తున్నాడు. నాయనమ్మే మళ్ళీ అందుకుంది. "ఆ తర్వాత గేదెని చూసిందిరా. చూసి ఒకటే నవ్వు! వేలితో తన గుండె చూపిస్తుంది, గేదెని చూపిస్తుంది. వాళ్ళకీ గేదెలున్నాయి నాన్నా!"

నవ్వు అయ్యాక ఆవిడకి అర్థమైంది, ఈ ఇల్లు ఇక్కడిది కాదని. మళ్ళీ ఇసుక సాపు చేసింది. ఈసారి నేల మీద చెయ్యి తట్టి, బయట ఎర్ర ఇటుకల గోడని చూపించి, ట్రేని చూపించింది. అప్పుడు నాయనమ్మ రోజంతా కూర్చుని చూసే బాల్కనీని పేర్చింది. చెట్టు పెట్టింది, తులసి పెట్టింది. అంతా అయ్యాక ఇంట్లో మనిషి లేకుండా ఇల్లేమిటని నన్ను కూడా పెట్టి, "అమ్మడు" అని చెప్పింది. కాలు నొప్పితో నడవలేని నాయనమ్మని అక్కడే కూర్చోమని సైగ చేసి, ఆవిడ ట్రే పట్టుకుని బయల్దేరింది.

అన్నీ విన్నాక నాన్న, ఇక డిసెంబరు దాకా కూడా ఆగనని, వచ్చే వారమే సెలవు అడుగుతానని అన్నాడు. ఇవాళ అదృష్టం బాగుంది, రేపు వాగు వైపు వెళితే ఏమవుతుందన్నాడు. అమ్మ తల వంచుకుని కంచాలు తీయడం మొదలుపెట్టింది. నాయనమ్మ మాత్రం అవుననలేదు, కాదనలేదు. "ముందు ఆవిడ స్వెట్టరు తిరిగిచ్చి రావాలి," అంది.

స్వెట్టరు ఇవ్వడానికి మర్నాడు నేనూ నాయనమ్మా వెళ్ళాం. నాయనమ్మ గారెలు చేసి పట్టుకొచ్చింది. ఆ ఇంట్లో ఒక అక్క ఉంది, ముసలావిడ మనవరాలు, హైస్కూలు చివరి సంవత్సరం. ఆ అక్క వాళ్ళ అమ్మమ్మని 'బా' అని పిలిచేది, వాళ్ళ భాషలో అమ్మమ్మకీ నాయనమ్మకీ అదే మాటట. మేమూ 'బా' అనే పిలిచాం. బా చెప్పింది అక్క ఇంగ్లీషులో నాకు చెప్పేది, నేను తెలుగులో నాయనమ్మకి చెప్పేదాన్ని. వియత్నాంలో వాళ్ళ ఊళ్ళో పాత రాజుల సమాధుల గోడల మీదా, గుళ్ళ కప్పుల మీదా పగిలిన పింగాణీ, గాజు పెంకులతో పూలూ, పక్షులూ, డ్రాగన్లూ చేసి ఉంటాయని అలాగే తెలిసింది. బా చిన్నప్పుడు వాళ్ళ తాతగారింట్లో ఆ పని చేసేవారట. ఆడపిల్లల్ని నిచ్చెన ఎక్కనిచ్చేవారు కాదట. కింద కూర్చుని పెంకులు రంగుల వారీగా ఏరడం ఆవిడ పని. యుద్ధం అయిపోయాక పడవలో బయటపడి, ఏ దేశం నుంచి ఏ దేశానికో తిరిగి ఇక్కడ చేరాక, చేతులు ఊరుకోలేక, చెత్తలో పారేసిన సీసాలూ పగిలిన పళ్ళేలూ ఏరుకొచ్చి మొదలుపెట్టింది. ఇక్కడ నిచ్చెన ఎక్కొద్దనే వాళ్ళు లేరని అక్క చెబితే, బా వెనక నుంచి తల ఊపింది.

ఆ రోజు మొదలు నాయనమ్మ మధ్యాహ్నాలు అక్కడే. అమ్మ ఆవిడ చీర కొంగుకి తాళంచెవి కట్టింది. నాన్న మా బిల్డింగు అక్షరాన్ని ముగ్గులా వేసి నేర్పించాడు. ఆవిడకి ఆ అక్షరం వచ్చింది కానీ అవసరం పడలేదు, దారి కాళ్ళకే తెలిసిపోయింది. నేను బస్సు దిగి నేరుగా బా ఇంటికే వెళ్ళేదాన్ని. ఇద్దరు ముసలివాళ్ళూ పక్కపక్కన కూర్చుని, ఎవరి భాషలో వాళ్ళు ఆగకుండా మాట్లాడుకుంటూ పని చేస్తుండేవారు. అప్పటికి నా తర్జుమా కూడా వాళ్ళకి అక్కర్లేకపోయింది. అడిగినప్పుడు తప్ప నన్ను పట్టించుకునేవారు కాదు.

ఒకసారి నాయనమ్మ, తను ఇండియా నుంచి తెస్తే నేను పగలగొట్టుకున్న గాజుల ముక్కలన్నీ మూట కట్టి 'బా'కి ఇచ్చింది. మా భాషలో ఈ సీసా పెంకునీ గాజు అంటారు, చేతికి వేసుకునే దాన్నీ గాజే అంటారని చెప్పమంది. నేను అక్కకి చెప్పాను, అక్క 'బా'కి చెప్పింది. బా ఒక వంపు తిరిగిన ముక్కని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "గాజు, గాజు" అని రెండు రకాలుగా పలికి చూసింది. ఆ వంపులన్నీ ఒక తామర కొలనులో అలలయ్యాయి.

ఆ కొలను పలక దాదాపు నా ఎత్తు ఉండేది. అందులో బా వాళ్ళ నది పక్కన ఉండే కొంగలున్నాయి, నాయనమ్మ చెప్పిన కలువలున్నాయి, ఒడ్డున గేదె ఉంది. గేదె కొమ్ముల దగ్గర ఇద్దరికీ పెద్ద గొడవైంది. కొమ్ములు వెనక్కి వాలాలని నాయనమ్మ, ఇటూ అటూ చాచినట్టుండాలని బా. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు నేను వెళ్ళేసరికి ఒడ్డున రెండో గేదె తయారై ఉంది.

నాన్నకి సెలవు దొరికింది. ఒక ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ, "టికెట్ బుక్ చేసేయనా అమ్మా?" అని అడిగాడు. నాయనమ్మ వేళ్ళకి అంటిన సిమెంటు గీక్కుంటూ, తల కూడా ఎత్తకుండా, "ఇప్పుడెట్టా కుదురుద్దిరా? తామరాకులు సగంలో ఉన్నాయి," అంది.

అమ్మ గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళి చూస్తే, ఫ్రిజ్‌కి వీపు ఆనించి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని నిశ్శబ్దంగా నవ్వుతోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నన్ను దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకుంది. నెలల తరబడి మా ఇంట్లో అందరం బిగపట్టుకున్న ఊపిరి ఆ ఉదయం వదిలామని ఇప్పుడనిపిస్తుంది.

నాయనమ్మ ఇంకా కొన్నేళ్ళు మాతోనే ఉంది. నేను పెద్దదాన్నయ్యాను, ఇళ్ళు మారాం. ఆ అక్క పెళ్ళి చేసుకుని కాలిఫోర్నియా వెళుతూ 'బా'నీ, కొలను పలకనీ వెంట తీసుకెళ్ళింది. ఇప్పుడు నాయనమ్మా లేదు, బా కూడా లేదు.

మొన్న ఎండాకాలం మా బేస్‌మెంట్‌లో ఒక అమ్మాయి ఉండేది. కరీంనగర్ నుంచి ఎమ్మెస్‌కి వచ్చిన పిల్ల. వచ్చిన కొత్తలో గలగలా మాట్లాడేది. ఉన్నట్టుండి మెట్లెక్కి పైకి రావడం మానేసింది. లైటు వేసుకోకుండా కూర్చునేది. ఏమైందమ్మా, తిన్నావా, కాలేజీ ఎలా ఉంది అని రోజూ అడిగేదాన్ని. "ఏం లేదు ఆంటీ, అంతా ఓకే," అనేది. అడిగినకొద్దీ ఆ 'ఓకే' చిన్నదవుతూ వచ్చింది.

ఒక సాయంత్రం రెండు కప్పుల టీ పట్టుకుని కిందికెళ్ళి, అడగడం మానేసి, నా సంగతి చెప్పాను. ఒకప్పుడు నా ఉద్యోగం పోయినప్పుడు ఇంట్లో చెప్పడానికి నోరు రాక, రోజూ పొద్దున్నే తయారై లైబ్రరీకి వెళ్ళి కూర్చునేదాన్ని. అక్కడ ఏ కుర్చీలో కూర్చునేదాన్నో, మధ్యాహ్నం కారులో డబ్బా విప్పుకుని తింటుంటే ముద్ద ఎలా దిగేది కాదో, అన్నీ చెప్పాను. చెప్పి, ఆమె మొహంలోకి చూడకుండా, అక్కడ మడత పెట్టని బట్టలుంటే మడత పెడుతూ కూర్చున్నాను.

నాలుగో చొక్కా మడత పెడుతుండగా, "ఆంటీ, నా ఇంటర్న్‌షిప్ క్యాన్సిల్ అయింది. టూ వీక్స్ అవుతోంది. ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే," అంది. అని ఏడ్చింది. ఏడ్చి, చల్లారిపోయిన టీ మొత్తం తాగేసింది. ఆ రాత్రి పైకొచ్చి మాతో అన్నం తిన్నది. నేను గిన్నెలు సర్దుతుంటే మెట్ల మీద కూర్చుని వాళ్ళమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పుకుంది. అవతల వాళ్ళమ్మ ఏమందో తెలియదు కానీ, ఈ పిల్ల మధ్యలో ఒకసారి నవ్వింది.

తడి ఇసుకలో ముందు తన ఇల్లు పేర్చి, ఆ తర్వాతే మా ఇల్లెక్కడని అడిగిన మనిషి దగ్గర నేను నేర్చుకున్నది అంతే. ఎవరినైనా ఏదైనా అడగాలనిపిస్తే ముందు నాది చెబుతాను. చెప్పాక, వాళ్ళు తమది చెప్పేదాకా, తల తిప్పుకుని ఊరుకుంటాను. చెప్పడం నాకు తొందరగానే అలవాటైంది. ఊరుకోవడం మాత్రం ఈ వయసులో కూడా ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.